గీతలో అధిక్షేపము

పఠనమందిరమున దినపత్రికను విప్పినవాడు మొట్టమొదట ఏమి చూచును? సంపాదకీయమని చెప్పువారు పెక్కురు కలరు గాని, కన్ను ముందుగా వ్రాలునది ఆ పుటలోని చిన్న బొమ్మమీదనే. చదువు వచ్చినవాడు బొమ్మను చూచి పిమ్మట దాని క్రింది మాటను చదువును. చదువు రానివాడు బొమ్మను చూచి ప్రక్కవానిని, “ఈయన యెవరప్పా? ఇట్ల గీసినారేమి?” అని అడుగును. ఆ ప్రశ్నతో బల్లచుట్టును చర్చ మొదలగును. దాని ప్రక్కనే అచ్చయిన రెండు నిలువుల సంపాదకీయము అంతవరకు ఒక్కనిచేతను నోరు విప్పింపలేకపోయినది.

బొమ్మకు ఈ శక్తి యెక్కడినుండి వచ్చినది? చిత్రకారుడు గీసినది సగము మాత్రమే. తక్కిన సగమును చూచువాడు తన యెరుకనుండి పూరించుకొనును. ఎరుక లేనిచోట ఎంత గొప్ప చిత్రమైనను మూగయే. 1871లో మదరాసు రైలుమార్గము రాయచూరువద్ద బొంబాయి మార్గముతో కలిసినది మొదలు ఆదవాని ఆ దారిమీది ఊరైనది. మదరాసులో అచ్చయిన తెలుగు పత్రికలకు అదియే దారి. రైలు లేని ఎమ్మిగనూరునకును, చుట్టుపట్ల పల్లెలకును పత్రిక రోడ్డుమీద మరికొంత ఆలస్యముగా చేరవలసినదే. వార్త ఒకనాడు ఆలస్యమైనను వార్తయే. బొమ్మ సంగతి అట్లు కాదు. ముందటి దినపు పత్రిక అందక ఆనాటి బొమ్మ మాత్రము చేత పడినవానికి అది విడిపోని పొడుపుకథ. పాత పత్రికల కట్టలను గ్రంథాలయములు దాచియుంచుటలో గల ప్రయోజనములలో ఇది యొకటి.

పత్రికలోని ఇట్టి చిత్రమును ఇంగ్లీషువారు కార్టూను అందురు. మనవారు వ్యంగ్యచిత్రమనిరి. పేరు క్రొత్తదైనను పని క్రొత్తది కాదు. మన ఆలంకారికులు వ్యాజస్తుతి యను నొక అలంకారమును చెప్పిరి. పైకి నిందగా తోచి లోపల పొగడ్త యగుట, పైకి పొగడ్తగా తోచి లోపల నింద యగుట దాని లక్షణము. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకమున శ్రీకాకుళపు దేవుని నిలువున నిందించుచునే స్తుతించెను. వ్యంగ్యచిత్రకారుడు నడచునది దాని రెండవ త్రోవ. అధికారిని సింహాసనముమీద కూర్చుండబెట్టి, మెడలో దండ వేసి, ఆ సింహాసనపు కోడును చెదలు తినుచున్నట్లు ఒక్క మూల చూపును. పదునొకండవ శతాబ్దమున కాశ్మీరదేశమందలి క్షేమేంద్రుడు నర్మమాల యను కావ్యమున లంచగొండులైన సర్కారు కాయస్థులను ఎండగట్టెను. వ్రాత వచ్చినవాడు వ్రాత రానివానిని దోచుకొనుట ఆనాటినుండియు అధిక్షేపమునకు తగిన వస్తువే.

మన పల్లెలకు మరింత దగ్గరి చుట్టము తోలుబొమ్మలాటలోని కేతిగాడు. తెరమీద రామరావణుల కథ నడుచుచుండగా కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు నడుమ నడుమ దూరుదురు. వారికి పురాణముతో పని లేదు. ఊరి సంగతులు, ఆనాటి ధరలు, పెద్దమనుష్యుల గుట్టు వారి నోట పలుకును. రాముడు గంభీరముగా చెప్పినది విని తల యూపిన జనము కేతిగాని మాటకు పొట్ట పట్టుకొని నవ్వును. ఇంటికి పోవునపుడు జ్ఞాపకముండునది ఏదో చెప్పనక్కరలేదు. సంపాదకపుటలో సంపాదకీయము రామకథ యైనచో, ప్రక్కనున్న బొమ్మ కేతిగాడు.

పడమటి దేశములలో ఈ విద్య పత్రికతో కూడి పెరిగినది. 1805లో జేమ్సు గిల్రే యను ఆంగ్లచిత్రకారుడు ఇంగ్లండు ప్రధాని పిట్టును, ఫ్రాన్సు చక్రవర్తి నెపోలియనును ఒక బల్లకు ఎదురెదురుగా కూర్చుండబెట్టి, వారి నడుమ భూగోళమును భక్ష్యముగా నుంచి, ఇరువురిచేతను కత్తులతో కోయించెను. ఖండాంతరముల యుద్ధరాజకీయమును ఆ బొమ్మ ఇద్దరు తిండిపోతుల భోజనముగా మార్చినది. ఇందు గిల్రే చేసినదెల్ల పెద్దదానిని ప్రతి ఇంటను కనబడు చిన్నదానిలో చూపుటయే.

ఫ్రాన్సున జరిగిన కథ మరియు చిత్రమైనది. షార్లు ఫిలిపోను అను పత్రికాధిపతి రాజైన లూయీ ఫిలిప్పును పరిహసించెనని 1831లో న్యాయస్థానమునకు ఈడ్వబడెను. అతడు న్యాయమూర్తులయెదుట కాగితము తీసికొని వరుసగా నాలుగు బొమ్మలు గీసెను. మొదటిది రాజుగారి ముఖము. రెండవదానిలో బుగ్గలు కొంచెము జారినవి. మూడవదానిలో మరికొంత. నాలుగవది అచ్చముగా బేరిపండు. ముఖమును పోలినది నేరమైనచో నాలుగవదియు నేరమే, కాబట్టి దేశములోని బేరిపండ్ల నన్నిటిని శిక్షింపవలసివచ్చునని అతని వాదము. ఫ్రెంచివారి వాడుకలో ఆ పండు పేరునకు మందమతి యను అర్థముకూడ కలదు. శిక్ష తప్పలేదు గాని, పారిసు గోడలమీద పిల్లలుసైతము బేరిపండ్లు గీయసాగిరి. రాజు పేరు వ్రాయనక్కరలేకపోయెను. ఫిలిపోను పత్రికలలో గీసిన డోమియే, ప్రజలు మోసి తెచ్చిన ధనమును నోరు తెరచి మ్రింగుచున్న భూతముగా ఆ రాజునే చిత్రించి 1832లో కారాగారమునకు పోయెను.

అమెరికాలో థామసు నాస్టు గీసిన బొమ్మలు పల్లెప్రజలు ముఖ్యముగా ఎరుగవలసినవి. న్యూయార్కు నగరధనమును దోచిన ట్వీడు అను రాజకీయనాయకుని 1871లో నాస్టు వారము వారము వెంటాడెను. లావుపాటి దేహము, తలకు మారుగా డబ్బుసంచి, ఆ సంచిమీద డాలరు గుర్తు. పత్రికలు ఏమి వ్రాసినను తనకు చింత లేదనియు, తన వోటర్లకు చదువు రాదనియు, ఆ బొమ్మలు మాత్రము వారికి తెలియుననియు ట్వీడు వాపోయినట్లు చెప్పుదురు. అతడు చెరనుండి తప్పించుకొని స్పెయినుదేశమునకు పారిపోగా, 1876లో అచ్చటి అధికారులు అతనిని గుర్తుపట్టినది నాస్టు బొమ్మనుబట్టియే. చదువురానివానికి బొమ్మ అనవసరమని తలచు పండితులు మనలోను లేకపోలేదు. వారు ట్వీడునకున్న తెలివియైన లేనివారు.

లండనులోని పంచి పత్రిక 1843లో కార్టూను అను మాటకు నేటి అర్థము కల్పించినది. అంతకుముందు అది గోడచిత్రమునకు ముందుగా దళసరి కాగితముపై గీసికొను నమూనాకు పేరు. పంచిని చూచి మన దేశమున పెక్కు పంచిలు పుట్టినవి. 1877లో లక్నోనుండి ఉర్దూలో అవధ్ పంచి వెలువడినది. తరువాత బొంబాయి హిందీ పంచి ప్రసిద్ధి కెక్కినది. దక్షిణమున సుబ్రహ్మణ్యభారతి మదరాసులో 1906నుండి నడచిన ఇండియా యను తమిళ వారపత్రికలో వ్యంగ్యచిత్రములను ప్రకటించి దొరతనముమీద ప్రయోగించెను.

తెలుగున ఈ కళకు మొదటివాడని తలిసెట్టి రామారావును చెప్పుకొందురు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి భారతి, ఆంధ్రపత్రికలలో ఆయన చిత్రములు వెలువడినవి. ఆయన పుట్టినదినమైన మే 20ని తెలుగు వ్యంగ్యచిత్రకారులు తమ దినముగా జరుపుకొనుచున్నారు. 1955లో ఆంధ్రపత్రికలో చేరిన బాపు రాజకీయచిత్రములు గీసెను. తరువాతి తరమున శ్రీధర్ ఈనాడు దినపత్రికలో నలుబది యేండ్లు గీసి 2021లో ఆ కొలువు విడిచెను. నలుబది యేండ్లు ప్రతిదినము ఒక నవ్వు పుట్టింపవలెననుట ఎద్దుతో బావినీరు తోడించుటవంటి పని. నీరు ఉన్నను లేకున్నను మోట దించవలసినదే.

అఖిలభారతమున శంకరు పేరు మొదట చెప్పవలెను. కేరళదేశీయుడైన శంకర పిళ్లె 1948లో ఢిల్లీలో శంకర్స్ వీక్లీ అను పత్రికను స్థాపించెను. అందు తననుసైతము విడువవలదని ప్రధానమంత్రి జవహర్‌లాలు నెహ్రూ ఆయనను కోరిన మాట లోకప్రసిద్ధము. ఆ శంకరు 1949లో గీసిన ఒక బొమ్మ అరువది మూడేండ్ల తరువాత పార్లమెంటును అట్టుడికించినది. ఆ కథ కొంత విపులముగా చెప్పదగినది.

రాజ్యాంగపరిషత్తు 1946 డిసెంబరు 9న కూడినది. 1949 ఆగస్టు నాటికిని రాజ్యాంగము పూర్తి కాలేదు. జనమునకు ఓపిక తగ్గుచుండెను. శంకరు రాజ్యాంగమును ఒక నత్తగా గీసి, దానిమీద ముసాయిదా సంఘాధ్యక్షుడైన డాక్టరు అంబేద్కరును కూర్చుండబెట్టెను. వెనుక నెహ్రూ కొరడా ఎత్తియుండెను. చుట్టును జనము చూచుచున్నారు. నత్త కదలదు. నాటి చదువరి దీనిని జాప్యముమీది అధిక్షేపముగా చదివెను.

2006లో ఆ బొమ్మను పదునొకండవ తరగతి రాజనీతిశాస్త్ర పాఠ్యపుస్తకములో చేర్చిరి. 2012 మే నెలలో పార్లమెంటులో దానిపై తీవ్రమైన నిరసన చెలరేగెను. ప్రభుత్వము దానిని తొలగించుటకు ఒప్పుకొనెను. పుస్తకమునకు ముఖ్యసలహాదారులుగా నుండిన ఇద్దరు పండితులు తమ పదవులను విడిచిరి. బొమ్మలోని నత్తను కొట్టుటకే కొరడా ఎత్తబడినదని ఒకరి వాదము. తరతరములుగా దెబ్బలు తిన్న జాతిలో పుట్టి దేశమునకు ధర్మశాస్త్రము వ్రాసిన మహనీయుని వెనుక, అగ్రకులమున పుట్టినవాడు కొరడా ఎత్తి నిలుచుటను తమ పిల్లలు బడిలో చూడవలెనా యని మరొకరి ప్రశ్న.

ఇరువురును ఒకే బొమ్మను చూచుచున్నారు. శంకరు ఉద్దేశము జాప్యమే యనుటకు ఆ కాలపు పత్రికలు సాక్ష్యము. కాని కొరడా యనునది ఈ దేశమున ఊరక కొరడా కాదు. దానిని వీపుమీద ఎరిగినవాడు ఒకవిధముగాను, చేతిలో ఎరిగినవాడు మరొకవిధముగాను చూచును. చదువరి తెచ్చుకొను సగము మారినచో బొమ్మయే మారును. గీసినవాడు దుష్టుడని గాని, నొచ్చినవారు హాస్యమెరుగనివారని గాని త్రోసివేయుట సులభము. రెండును తొందరపాటే. ఆ పాఠమును తీసివేయుటకంటె, ఈ రెండు చూపులను ప్రక్కప్రక్కన పెట్టి బోధించియుండినచో పిల్లలకు మేలైన చదువు దొరకియుండెడిది.

అధికారమునకు నొచ్చిన కథలు వేరు. 1975లో అత్యవసర పరిస్థితి నెలకొన్న కొలది వారములకే శంకరు తన పత్రికను మూసివేసెను. అదే సంవత్సరము డిసెంబరు 10న ఇండియన్ ఎక్స్‌ప్రెస్సులో అబూ అబ్రహాము, రాష్ట్రపతి స్నానపుతొట్టిలో నుండియే ఆర్డినెన్సుమీద సంతకము చేసి తలుపుసందున అందించుచున్నట్లు గీసెను. ఆ ఒక్క బొమ్మ నాటి పాలన తీరును చెప్పినంతగా పెద్ద గ్రంథములు చెప్పలేదు. 1987లో తమిళ వారపత్రిక ఆనందవికటన్ ముఖచిత్రముమీద శాసనసభ్యులను, మంత్రులను దొంగలుగా పరిహసించిన బొమ్మకు ఆ పత్రిక సంపాదకుడు బాలసుబ్రమణియన్‌కు తమిళనాడు శాసనసభ మూడునెలల శిక్ష విధించెను. నిరసన వెల్లువెత్తగా రెండుమూడు దినములలోనే విడిచిరి.

ఇక గీయు పద్ధతి. పూర్వము పత్రికలలో బొమ్మ అచ్చగుటకు జింకు దిమ్మ కావలసియుండెను. నల్లసిరాతో గీసిన బొమ్మను ఫోటో తీసి, జింకు రేకుపైకి దింపి, గీతలు లేనిచోట ఆమ్లముతో తినిపించి, ఆ రేకును కొయ్యదిమ్మకు బిగించెడివారు. అందు నలుపు తెలుపులే గాని నడిమి ఛాయలు లేవు. సన్నని గీత ముతక కాగితముమీద అలుకుకొనిపోవును. కాబట్టి చిత్రకారుడు అక్కరలేని ప్రతి గీతను మానుకొనుట నేర్చుకొనెను. నేడు దిమ్మలు పోయినవి, రంగులు వచ్చినవి. పొదుపు మాత్రము ఆ కళకు నిలిచిపోయినది. మేలైన చిత్రమున ఒక ముక్కో, మీసమో, కండువాయో చాలును. పేరు వ్రాసి చూపవలసివచ్చినదనగా గీత ఓడిపోయినదని తెలియవలెను.

గుర్తులు మాత్రము ఆ నేలమీదనే దొరకవలెను. 1953 అక్టోబరు 1న బళ్లారి జిల్లానుండి విడిపోయిన ఆదవాని తాలూకా ఆంధ్రరాష్ట్రమున కర్నూలు జిల్లాలో చేరినది. కర్నూలు రాజధాని యైనది, కచేరీలు గుడారములలో నడచినవి. ఆ దినములలో కర్నూలువానికి గుడారము గీసి చూపినచో రాజధాని యని క్రింద వ్రాయనక్కరలేదు. నేటి బాలునికి అదే బొమ్మ జాతరయో సర్కసో యగును. 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకారసంఘమును నెలకొల్పిన ఎమ్మిగనూరులో, పేక లేక పడుగు మాత్రము సాగదీసియున్న మగ్గమును గీసినచో నూలుకరవని ముసలిది సైతము చెప్పును. ఆదవాని ప్రత్తిమార్కెట్టున తరుగు అను మాట రైతు చెవికి ముల్లు. త్రాసులో ఒకవైపు ప్రత్తిబోరెము, రెండవవైపు రాళ్లకు మారుగా దళారి తానే కూర్చున్నట్లు గీసినవానికి మాట అక్కర యుండదు. తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును వీథిలో వినబడు ఈ ఊళ్లలో మాటలేని బొమ్మకు మూడురెట్లు చదువరులు.

గుర్తు దొరకినను గురి తప్పవచ్చును. కష్టమంతయు అక్కడనే యున్నది. ఈ పడమటి తాలూకాలలో వాన తప్పిన యేట పల్లెపల్లెయు సుగ్గికి పోవును. గుంటూరు సీమకు మిరపకోతకును, ప్రత్తితీతకును కుటుంబములు బిడ్డలతోకూడ బండి కట్టును. ఇండ్లకు తాళములు, అరుగుమీద ముసలివారు, బడిలో ఖాళీ బల్లలు. దీనిని వ్యంగ్యచిత్రముగా ఎవడైన గీయదలచెననుకొందము. మూటలు నెత్తిన పెట్టుకొని లారీ వెంట పరుగెత్తు జనము మొదట తోచును. చేయి సులభముగా సాగును. ఒకడు జారిపడుచున్నట్లు, మరొకని మూట విప్పుకొనిపోయినట్లు గీయుట నవ్వు పుట్టించును. ఆ నవ్వు ఎవరిమీద? ఆకలిమీద. దూరపు పట్టణమున అట్టి బొమ్మను చూచి నవ్వువారు ఉందురు. కోసిగిలోనో పెద్దకడుబూరులోనో గ్రంథాలయపు బల్లయొద్ద ఆ పత్రికను విప్పిన వానికి అది తన తల్లి బొమ్మ.

దానిని చించివేసి మరొకటి గీయును. బడిపంతులు వీథివెంట పోవుచు తలుపులకు వ్రేలాడు తాళములకు హాజరు పిలుచుచున్నాడు. ఇది మొదటిదానికంటె మేలు. తాళము పిల్లవానికి గుర్తైనది, నవ్వులో నొప్పి చేరినది. కాని చూచువాని కన్ను పంతులుమీద నిలుచును. పంతులు వెర్రివాడుగా కనబడును. ఆయన చేసిన నేరమేమి? ఖాళీ బల్లలయెదుట నిలుచుటయే కదా.

మూడవమారు పంతులు తొలగిపోవును. అదే వీథి, అవే తాళములు. కారు దిగిన పెద్ద అధికారి అరుగుమీద మిగిలిన ముసలమ్మయొద్ద నిలిచి, చేతి పుస్తకమున “వలసలు లేవు” అని వ్రాసికొనుచున్నాడు. ముసలమ్మ అతనికేసి చూచుట లేదు, వీథిచివరి దారికేసి చూచుచున్నది. తాళములను లెక్కింపదగినంత పెద్దవిగాను, అధికారి కనులద్దములను తాళపుకప్పల ఆకారముననే గీసినచో మరి మాట అక్కరలేదు. క్రింద వ్రాయదలచిన వాక్యమును చిత్రకారుడు కొట్టివేయును. అధికారి పుస్తకములోని రెండు మాటలు మాత్రము ఉంచును.